ఎడమ మూలకే పోయే చెయ్యి

బొబ్బిలిలో వీణ నేర్పే సోమిదేవమ్మ గారిని ప్రశ్న అడగడం సులువు, జవాబు రాబట్టడమే కష్టం. ఎవరేం అడిగినా ఆవిడ ముందు వాళ్ళ చేతులకేసి చూస్తారు. తరవాత ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేసి లేచేసరికి కొందరు తామేం అడిగారో కూడా మరిచిపోతారు. ఆవిడకు అదే ఇష్టం.

ఆ శనివారం ఉదయం అడగవచ్చినది ఇందుమతి, గురువుగారి దగ్గర అందరికంటే ఎక్కువ కాలం ఉన్న శిష్యురాలు. దూరపు ఊళ్ళ పిల్లలకు గురువుగారు కంప్యూటరులో పాఠం చెబుతుంటే, ఇన్నాళ్ళూ ఆ యంత్రాన్ని చూసుకునే పని ఆమెది. ఇప్పుడు పాఠం కూడా ఆమెకే అప్పగించారు. ఇవాళే మొదటిది. తొమ్మిదింటికి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి, రాయగడ నుంచి పిల్లలు తెర ముందుకు వస్తారు. తాను తడబడితే "అమ్మగారే చెబితే బాగుండును" అనే మాట పుడుతుందని, ఒకసారి పుడితే అది ఇక చావదని ఇందుమతి భయం.

తీరా చూస్తే కంప్యూటరు రాత్రికి రాత్రి తనంతట తానే అప్‌డేట్ అయి, వేషం మార్చుకుని కూర్చుంది. ఎడమ మూల ఉండాల్సిన మీట తెర కింద నడిమధ్యకు వచ్చేసింది. పేర్లున్న చోట పేర్లు పోయి వట్టి బొమ్మలు మిగిలాయి. క్లాసు తెరిచే బొమ్మ ఏ గంగలో కలిసిందో తెలియదు. ఆమె చెయ్యి మాత్రం పాపం ఎడమ మూలకే పోతోంది, అక్కడేమీ లేక ఉసూరుమంటూ తిరిగొస్తోంది. పాతదే మళ్ళీ వేసిపెట్టమని కంప్యూటరు షాపుకు ఫోను చేస్తే, సాయంత్రం చూద్దామన్నారు.

ఇందుమతి గురువుగారి ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మగారూ, చేతికొచ్చిన విద్య తెల్లారేసరికి పనికిరాకుండా పోతే, అది విద్యేనా? ఇవాళ్టికి పాఠం మానేద్దామండీ."

సోమిదేవమ్మ గారు ఆమె చేతులకేసి చూశారు. "ఆ చిన్నది దించు" అన్నారు.

చిన్నదంటే ఒకప్పుడు రైలు ప్రయాణాల కోసం ఆవిడ చేయించుకున్న పొట్టి వీణ. దాని మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అది పిల్లలాట అని పెద్ద శిష్యులెవరూ ముట్టరు. క్లాసు వేళ ముంచుకొస్తుంటే ఇదేం పరీక్షరా భగవంతుడా అనుకుంటూ ఇందుమతి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకో. మోహనం ఎత్తుకో."

ఎత్తుకోగానే పరువు పోయింది. పెద్ద వీణకు అలవాటుపడ్డ వేలు పంచమాన్ని దాటిపోయి, మోహనంలో లేని స్వరం మీద పడింది. ఇంకోసారి వేస్తే మళ్ళీ అంతే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. గురువుగారు ఆపమనలేదు. ఆపైన ఏం జరిగిందో ఇందుమతికే సరిగ్గా తెలియదు. దూకబోయిన వేలు కాస్త ముందే ఆగింది. పంచమం నిండుగా పలికింది. కాసేపటికి మోహనం ఆ పొట్టి వీణలో ఒళ్ళు విరుచుకుని తిరగసాగింది. ఆమెకు నవ్వొచ్చింది.

"వేలు ఎవర్నడిగి ఆగింది?" అన్నారు గురువుగారు.

"చెవినండీ."

"మరి నీకు కావలసింది మెట్టా, స్వరమా?"

ఇందుమతి వీణను జాగ్రత్తగా దించి, కంప్యూటరు దగ్గరికి దాదాపు పరుగెత్తింది. ఈసారి ఏది ఎక్కడుండేదని తడుములాడలేదు. తెర మీద ఏముందో చదివింది. నడిమధ్య మీట నొక్కితే వెతకడానికి ఖాళీ గడి కనబడింది. అందులో క్లాసు పేరు రాస్తే క్లాసు బుద్ధిగా వచ్చి నిలబడింది. దీనికా నేను ఏడ్చింది అనుకుంది. ధైర్యం వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. ఇదేమిటి, అదేమిటి అంటూ ఒక్కో బొమ్మా నొక్కి చూస్తోంది. కొత్త చీరల మూట విప్పిన దానిలా ఉంది ఆమె సంబరం. అలా నొక్కుతూ ఒకచోట ఆగిపోయింది. "చుట్టుపక్కల చప్పుడు తీసివేయి" అని అక్కడొక మీట ఉంది. అది వేసే ఉంది.

పాఠం సాగినంతసేపూ వెనక ఒకే తీరున మోగే తంబూర వినిపించడం లేదని పిల్లలు ఎన్నిసార్లు మొత్తుకున్నారో. మీ నెట్టు మంచిది కాదని తనే వాళ్ళను కసిరింది. ఈ యంత్రం తంబూరను చప్పుడు కింద జమకట్టి తుడిచేస్తోందన్నమాట. చెయ్యి రోజూ తిన్నగా క్లాసు బొమ్మ మీదికే పోయేది గనక, ఈ మీట ఆమె కంట పడనే లేదు. గబుక్కున దాన్ని తీసేసింది.

పాఠం మొదలైన కాసేపటికి ఖరగ్‌పూర్ పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, ఈయాల తంబూర ఇనిపిస్తందండి. ఇన్నాళ్ళూ ఒట్టి వీణే ఇన్నాం."

ఆ పూట పాఠం వేళ దాటిపోయినా పిల్లలెవరూ తెర ముందునుంచి లేవలేదు.

అంతా అయ్యాక ఆమె ఆనందం పట్టలేక గురువుగారి దగ్గరికొచ్చింది. "అమ్మగారూ, మొత్తం పట్టేశానండీ. ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇక చేతికొచ్చేసినట్టే."

సోమిదేవమ్మ గారు తంబూర తీగలు సడలిస్తున్నారు. తలెత్తలేదు.

"చేతికొచ్చేసిందా? అయితే చెవి జాగ్రత్త. ఇక దానికి నిద్ర పడుతుంది."