బహుపరాక్ మంత్రం

మొదటి పుట్టినరోజు పీట మీద, సామంతులందరి ఎదుట, యువరాజు తండ్రి మొహం చూసి కెవ్వుమన్నాడు. గబగబా పాకి దాది ఎర్రక్క కొంగులో దూరాడు.

విక్కిరాజుకు తల కొట్టేసినట్టయింది.

"నా కొడుకు నన్ను చూసి బూచిని చూసినట్టు ఏడవడమేమిటి?"

వందిమాగధుడు సింగనభట్టు గొంతు సవరించుకున్నాడు. రాజు ఎక్కడ అడుగుపెట్టినా ముందు "బహుపరాక్!" అని అరవడం అతని ఉద్యోగం. ఆ కేక రెండు కొండల అవతలికి వినబడుతుందని అతనికి మహా గర్వం.

"చేతబడి ప్రభూ! ఈ దాది ఏదో మంత్రం వేసింది. లేకపోతే రక్తసంబంధాన్ని కాదని పనిమనిషిని పట్టుకుంటాడా?"

"పొద్దు గుంకేలోగా కోట దాటిపో," అన్నాడు రాజు. ఎర్రక్క బిడ్డను దించలేక, ఎత్తుకోలేక సతమతమైంది.

రాజు తనను నవ్వించడానికి కొలువులో పెట్టుకున్న మనిషి కామసాని. నోరు మూసుకుందామనే అనుకుంది పాపం. అయితే ఆమె నాలుక ఏనాడూ ఆమెను అడిగి కదల్లేదు.

"మంత్రం నిజమే ప్రభూ. అది నాకూ తెలుసు. మీకూ నేర్పుతాను."

"నేర్పలేకపోతే?"

"ఎర్రక్క వెంట నేనూ పోతాను. మీకు పీడ విరగడవుతుంది."

అనేశాక నాలుక కరుచుకుంది. ఈ ఉద్యోగం ఊడితే ఇలాంటి నోటికి కూడు పెట్టే మహారాజు ఇంకెక్కడ దొరుకుతాడు?

అయినా తెగించింది. ఎర్రక్క పాత బొంత తెచ్చి రాజు చేతికిచ్చింది.

"కిరీటం తీసి ఇది భుజాన వేసుకోండి. పాలన్నం గిన్నె పట్టుకుని నాలుకతో టకటకమనండి. అన్నం పెట్టే ముందు ఎర్రక్క రోజూ చేసేది అదే. భట్టుగారూ, మీరు నోరు మెదపకండి."

"రాజుకు బొంతా!" భట్టు నోరు వెళ్లబెట్టాడు.

"మూయమన్నాను, తెరవమనలేదు."

రాజుకు యుద్ధాలు వచ్చుగానీ టకటక రాలేదు. తుంపరలు మంత్రిగారి మీద పడ్డాయి. చివరికెలాగో పలికింది. బిడ్డ తల తిప్పాడు. బొంత వాసన చూశాడు. నోరు తెరిచాడు. నాలుగు ముద్దలు తిని, రాజు భుజం మీద తల వాల్చేశాడు.

రాజుకు కళ్లు చెమర్చాయి. బిడ్డనెత్తుకుని లేచి ఒక్కడుగు వేశాడో లేదో, అలవాటు ఆపుకోలేక భట్టు గర్జించాడు.

"బహుపరాక్!"

బిడ్డ ఉలిక్కిపడి, తండ్రి మొహం చూసి మళ్లీ కెవ్వుమన్నాడు.

"మంత్రం వేసిందెవరో చెవులారా విన్నారుగా ప్రభూ!" అంది కామసాని. " మీరు వచ్చిన ప్రతిసారీ ముందు పిడుగు, వెనకే మీ మొహం. పసివాడు రెండింటినీ కలిపి నేర్చుకున్నాడు."

"మరి రక్తసంబంధం?" భట్టు గొణిగాడు.

"మీరు రక్తం తాగి పెరిగారేమో, వాడు పాలు తాగుతున్నాడు!"

సభ ఘొల్లుమంది. ఎర్రక్క టకటకమంటూ బిడ్డను ఊరుకోబెట్టింది.

"ఎర్రక్క ఎక్కడికీ పోదు. భట్టూ, రేపటి నుంచి అంతఃపురం గుమ్మంలో బహుపరాక్ లేదు, టకటకే!" అంటూ రాజు తన ముత్యాలహారం తీసి కామసాని మెడలో వేశాడు.

ఆమె ఉబ్బిపోయి చేతులు చాచింది.

"రా నాయనా! నీ తండ్రిని నీకు ఇప్పించింది నేనే."

బిడ్డ ఆమెను చూశాడు. రెండు చేతులతో రెండు బుగ్గలూ మూసుకుని తండ్రి భుజం మీది బొంతలో దూరాడు.

"వచ్చినప్పుడల్లా గిల్లుతావు కదక్కా," అంది ఎర్రక్క మెల్లగా.

అందరికంటే ముందు భట్టే నవ్వాడు. రెండు కొండల అవతలికి వినబడేలా.