కోటమ్మ అడగని మాట

మార్గశిర బహుళ షష్ఠి, శుక్రవారం, పగలు మూడు గంటల వేళ సుభాషిణి మా వసారాలోకి వచ్చి మా అత్తను ఆ ప్రశ్న అడిగింది. ఇంట్లో జరిగినవన్నీ తిథులతో గుర్తుపెట్టుకోవడం మా అమ్మ దగ్గర నాకు అబ్బిన అలవాటు. తిథి గుర్తు లేకపోయినా ఇది మాత్రం నేను మరిచిపోయేదాన్ని కాదు.

అత్త అంటే మా నాన్నగారి అక్క, శేషమాంబగారు. మామయ్య చిన్న వయసులోనే పోతే పుట్టింటికి వచ్చి, బడిలో పంతులమ్మగా చేరి, తల నెరిసేదాకా పిల్లలకు చదువు చెప్పింది. ఆ ఏడాది మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే ఉద్యమం సాగుతోంది. జీతం ఆశించకుండా చదువు చెబుతామని ముందుకొచ్చిన ఆడపిల్లలకు, ఎలా చెప్పాలో నేర్పే భారం అత్త తన మీద వేసుకుంది. మధ్యాహ్నం భోజనాలు కాగానే మా వసారాలో చాపలు పరిచేవాళ్ళం. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని, సుభాషిణి ఒకతె. సుభాషిణిది టౌను. డిగ్రీ పూర్తిచేసింది, చురుకైన పిల్ల. రాతి క్వారీల పక్కనున్న పల్లెలో ఆడవాళ్ళకు పాఠం చెప్పే బాధ్యత ఆమెది.

చిన్నపిల్లలకు అ ఆలతో మొదలుపెట్టండి, పెద్దవాళ్ళకు వాళ్ళ మాటతో మొదలుపెట్టండి అనేది అత్త. అందుకని మొదటి రోజే ప్రతి ఒక్కరినీ అడగాలి: మీరు అన్నిటికంటే ముందు ఏ మాట రాయాలనుకుంటున్నారు? వాళ్ళు నోటితో చెప్పిన మాటను పలక మీద పెద్దగా రాసివ్వాలి. ఆ మాటలో ఉన్న అక్షరాలే వాళ్ళకు మొదటి పాఠం. ఒకావిడ కూతురి పేరు చెప్పేది, ఒకావిడ తన మేక పేరు చెప్పేది. ఒకావిడ గోంగూర అంటే నవ్వలేక చచ్చాం. ఎంత పేదవాళ్ళయినా, పాఠం చెప్పేటప్పుడు మీరు అనే పిలవాలని కూడా అత్త కట్టడి చేసింది. ఇక మేము ఏదైనా సందేహం అడిగితే మాత్రం తిన్నగా జవాబు చెప్పేది కాదు. ఎక్కడికో ఒక చోటికి వెంటబెట్టుకుపోయేది, లేదా ఏదో ఒక పని చేయించేది. జవాబు మేము ఏరుకోవాలి.

ఆ శుక్రవారం అత్త పారాయణ చేసుకుంటోంది. అత్త సగంలో ఆపి పుస్తకం మూసేదాకా సుభాషిణి ఆగి, అప్పుడు అడిగింది.

“టీచరుగారూ, నేర్చుకోవాలని లేని మనిషి కోసం ఎంతకాలం ఎదురుచూడాలండీ?”

“ఎవరమ్మా ఆవిడ?”

“కోటమ్మ అని. క్వారీలో కంకర కొడుతుంది. మొదటి రోజు నుంచీ ఒక్క పూట మానకుండా వస్తుంది. వచ్చి గోడవారగా కూర్చుంటుంది. ఏ మాట రాసివ్వమంటారు అని అడిగితే తల వంచుకుంటుంది. మిగతావాళ్ళంతా రెండో పుస్తకంలోకి వచ్చేశారు. ఆవిడ పలక మీద ఇంతవరకూ గీత పడలేదు. పోనీ నేనే ఏదో ఒకటి రాసిద్దామని పలక, వల, తల అని రాసిచ్చాను. చూసి పక్కన పెట్టేసింది. నా దగ్గరున్న పలకలు కొన్నే కదండీ, ఇంకా ఇద్దరు వస్తామంటున్నారు. ఈవిడ పలక వాళ్ళకు ఇచ్చేద్దామని…”

“ఇచ్చేశావా?”

“ఇవాళ ఇద్దామనుకుంటున్నాను. మీతో ఒక మాట చెప్పి.”

అత్త కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. “ఆవిడ ఇంట్లో ఎవరున్నారు?”

“ఎవరూ లేరండీ. పిల్లలు లేరు. భర్త క్వారీలో దెబ్బ తగిలి పోయాడట, రెండేళ్ళ కిందట.”

“ఆయన పేరు?”

“తెలీదండీ. అడిగాను. దానికీ తల వంచుకుంది.”

అత్త పారాయణ పుస్తకం దేవుడి గదిలో పెట్టి వచ్చి, చెప్పులు వేసుకుని, “పద, నేనూ వస్తాను” అంది. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నన్నూ రమ్మంది.

మేము వెళ్ళేసరికి క్వారీ పని దిగి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. రామమందిరం పక్కన రేకుల పంచలో పాఠం. వాళ్ళ జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా తెల్లటి రాతిపొడి. సుభాషిణి చెప్పినట్టే కోటమ్మ గోడవారగా కూర్చుంది. నలభై ఉంటాయేమో. ఖాళీ పలకను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. ఆమె పక్కన అంకమ్మ అని ఒకావిడ. కొత్తవాళ్ళం వచ్చామని చూసి ఆవిడ ఊరుకోలేదు.

“మా కోటమ్మ వదిన పలకని చూడండమ్మా, ఇచ్చినరోజు ఎట్లా ఉందో అట్లానే ఉంది. రేపు మిరపచేలో దిష్టికి కట్టుకోవచ్చు.”

అందరూ నవ్వారు. కోటమ్మ కూడా పెదవి చివర నవ్వింది. అలాంటి మాటలు పడి పడి అలవాటైపోయిన నవ్వు అది.

అత్త సుభాషిణిని పాఠం మొదలుపెట్టనివ్వలేదు. తనే చాప మీద వాళ్ళ మధ్య కూర్చుని, ఒక పలక అడిగి తీసుకుని, దాని మీద నాలుగు అక్షరాలు రాసి అంకమ్మ చేతికిచ్చింది. “ఇది చదవగలరా?”

అంకమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది. “న… ర… హ… రి. నరహరి. ఎవరమ్మా ఈయన?”

“మా ఇంటాయన. పోయి చాలా ఏళ్ళయింది.” అత్త గొంతు ఎప్పటిలాగే ఉంది. “ఆయన ఉన్నప్పుడూ నేను ఆ పేరు నోటితో అనలేదు. పోయాకా అనలేదు. మా అమ్మ అట్లా పెంచింది. ఎవరైనా అడిగితే ఇట్లా రాసి చూపిస్తాను.”

 అత్త నోట మామయ్య పేరు ఏనాడూ వినలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. రాతలో చూడడమూ అదే మొదలు.

 గోడవార నుంచి, ఇన్నాళ్ళూ ఆ పంచలో ఎవరూ వినని గొంతు వినిపించింది.

“రాస్తే… అన్నట్టు కాదా తల్లీ?”

అత్త ఆమె వైపు తిరిగింది. “కాదనే నేను అనుకున్నాను కోటమ్మగారూ. ఇన్నేళ్ళూ అదే అనుకుని రాస్తున్నాను.”

కోటమ్మ పలక అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు. 

“ఆ రోజు మా ఇంటాయన మీద బండ పడితే క్వారీవాళ్ళు లారీలో ఏసుకుని టౌన్లో పెద్దాసుపత్రికి తీసకపోయారమ్మా. నేను పనిలో లేను, మా పిన్నమ్మ ఊళ్ళో ఉన్నా. కబురందాక ఆడనించి అటే బస్సెక్కి ఒక్కదాన్నే పోయా. అంత పెద్ద ఆసుపత్రి నేను ఎప్పుడూ చూళ్ళేదు. కిటికీ కాడ కూర్చున్నాయన్ని అడిగా, మా ఇంటాయన్ని తెచ్చారయ్యా, యాడుండాడు అని. పేరేందన్నాడు. క్వారీలో దెబ్బ తగిలినాయన అన్నా. ఇయ్యాల క్వారీల కాడినించి నలుగుర్ని తెచ్చారమ్మా, పేరు చెప్పు అన్నాడు. నీలం చొక్కా అన్నా. ఊరి పేరు చెప్పా. నా ఎనక జనం నిలబడుండారు. ఆయన కసురుకోలేదమ్మా, ఉన్నమాట చెప్పాల. పోనీ రాసియ్యి అని కాయితమూ పెన్నూ చేతికిచ్చాడు.”



అంకమ్మ మెల్లగా అడిగింది. “చెప్పలేకపోయినావా వదినా, ఒక్కసారికి?”

“మగని పేరు పెళ్ళాం నోటెంట వస్తే ఆయుష్షు తగ్గిద్దంటారే.” కోటమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. “ఆయన ప్రాణం మీదకి వచ్చిన పూట ఆ పేరు నేను అంటానా, అంకమ్మా?”

అంకమ్మ తన చేతిలో ఉన్న పలకను అత్త ముందు పెట్టింది. కోటమ్మ మళ్ళీ అందుకుంది.

“వార్డులన్నీ తిరిగా. గోడలకి పేర్లు అంటించుండారు. వాటి ముందర నిలబడి చూశా. ఒకటే గీతలు. ఆడవాళ్ళ వార్డులోకి కూడా పోయినా, బయటికి పొమ్మన్నారు. ఎండ వాలేదాక తిరిగా. అప్పుడు మా మరిది వచ్చాడు. వచ్చీ రాంగానే కిటికీ కాడ పేరు చెప్పాడు, ఒక్క మాటే. పై అంతస్తులో ఉన్నాడన్నారు. మేం పోయేతలికి గుడ్డ కప్పేశారమ్మా. పక్క మంచం మీదాయన చెప్పాడు, పొద్దుట్నించి తలుపు దిక్కే చూస్తా ఉండాడంట.”

సుభాషిణి చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే ఉంది.

“టీచరమ్మ వచ్చినాక ఏం రాయాల, ఏం రాయాల అని అడుగుద్ది. అడిగినప్పుడల్లా ఆ పేరే గొంతు దాకా వస్తది. నోటితో చెప్తేగాని రాసియ్యదాయె. ఇంకో మాట చెబుదామంటే, నాకు ఇంకో మాటతో పనేముంది తల్లీ.”

అత్త పలక తీసుకుని నెమ్మదిగా తడిగుడ్డతో తుడిచింది. తన రాతనే, మామయ్య పేరునే తుడిచింది. అప్పుడు అంకమ్మను చూసింది. అంకమ్మ కళ్ళు తుడుచుకుని, “నాకు అన్న వరస అవుతాడమ్మా, నేను చెప్పొచ్చు” అంది. “మాల్యాద్రి. మాల్యాద్రన్న.”

అత్త ఆ పేరు రాసింది. తన పలక మీద కాదు, కోటమ్మ ఒళ్ళో ఉన్న పలకను వెల్లకిలా తిప్పి, దాని మీద రాసింది. కోటమ్మ ఆ నల్లటి పలక మీద తెల్లగా పడ్డ రాతను చూసింది. ముట్టుకోలేదు. “ఇదేనా” అంది. ఇంకాసేపటికి మళ్ళీ, “ఇంతేనా” అంది.

మా పద్ధతిలో ఆ తర్వాత చేయవలసింది ఒకటుంది. రాసిచ్చిన మాట మీద సుద్దతో దిద్దించి, తుడిచేసి, వాళ్ళంతట వాళ్ళను రాయమనాలి. సుభాషిణి అలవాటు కొద్దీ తడిగుడ్డ అందుకుంది. కోటమ్మ చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది.

“తుడవమాకండి టీచరమ్మా.”

“మళ్ళీ రాసిస్తానండీ కోటమ్మగారూ, తుడిస్తేనే కదా మీరు…”

“తుడవమాకండి. నాకు రాకపోతే రాకపాయె.”

పాఠం అయ్యాక ఆ పలకకు రాపిడి తగలకుండా, చీరకొంగును అంటీ అంటకుండా కప్పి, నిండు బిందె మోసినట్టు మోసుకుంటూ ఆమె ఇంటికి వెళ్ళింది. ఆమె నడక తడబడకూడదని దారిలో మిగతావాళ్ళంతా తప్పుకున్నారు. అంకమ్మ ముందు నడుస్తూ ఎదురొచ్చే గేదెల్ని అదిలించింది.

తిరిగి వస్తుంటే, ఊరు దగ్గరపడ్డాక సుభాషిణి, “నేను ఇవాళ ఆ పలక తీసేసుకుని ఉండేదాన్ని” అంది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, సగంలో ఆపిన పారాయణ పూర్తిచేసుకుంది. ఆ పూట అన్నం సయించలేదని మజ్జిగ తాగి పడుకుంది.

మర్నాడు తెల్లవారి లేచేసరికి అత్త నడవాలో పాత క్యాలెండర్లన్నీ ముందేసుకుని కూర్చుని ఉంది. నాన్నగారు అటక ఎక్కి ఇంకా కొన్ని అందిస్తున్నారు. ఏమిటని అడిగితే, తుడవక్కర్లేకుండా రాసుకునేందుకు ఆ కోటమ్మకు పుస్తకం కుడుతున్నానంది. కాగితాల వెనక వైపు తెల్లగా ఉంది కదా, ఎన్నిసార్లు రాసుకున్నా ఆ పేరు చెరపనక్కర్లేదు. అమ్మ స్నానం చేసి మడితో వచ్చి, దేవుడి బొమ్మలున్న కాగితాల మీద సూది పడకూడదంటూ వాటిని కళ్ళకద్దుకుని విడదీసి పెట్టింది. నేను కాగితాలు సమంగా మడిచి కోశాను. అమ్మ సూదిలో దారం ఎక్కించి ఇస్తే అత్త కుట్టింది. నాన్నగారు స్కేలు పెట్టి ఒక్కో కాగితానికీ పెద్ద పెద్ద గీతలు గీశారు. కాఫీలు చల్లారిపోయాయి, ఎవరూ తాగలేదు. మా ఇంట్లో వాళ్ళమంతా ఒక్క పని మీద అలా కూర్చోవడం పెళ్ళిళ్ళప్పుడు తప్ప నేను చూడలేదు. 

ఎండ వసారాలోకి వచ్చే వేళకు సుభాషిణి వచ్చింది. పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసింది. రాత్రి నిద్రపోనట్టు ముఖం పీక్కుపోయి ఉంది.

“టీచరుగారూ, ఆ పేరులో రెండు వత్తులున్నాయండీ. మన పాఠాల్లో అవి ఎక్కడో చివర్న వస్తాయి. అన్నీ వదిలేసి ముందు అవే చెబుతాను. ఎంత కష్టపడైనా సరే, ఈ నెలాఖరుకల్లా ఆవిడ చేత రాయించేస్తాను.”

అత్త ఆఖరి ముడి వేసి, దారాన్ని పంటితో కొరికి తెంపింది. పుస్తకాన్ని రెండు చేతులతో అందించింది.

“తొందరపెట్టకమ్మా” అంది. “ఆవిడకు తొందరున్న రోజు వెళ్ళిపోయింది.”