అర్మకొండ మీద నక్క ప్రదక్షిణలు

వరుస ఎక్కడైనా తప్పితే మన్నించాలి. కొండల పేర్లు నా తలలో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. జరిగింది మాత్రం తిన్నగానే చెబుతాను.

పాడేరు వైపు, ఆంధ్రదేశంలోకెల్లా ఎత్తయిన అర్మకొండ కొసన మెత్తటి గడ్డి మొలిచేది. దానికోసం కొమ్ములమ్మ అనే ముసలి మేక రోజూ ఆయాసపడుతూ పైకెక్కేది. ఒక పొద్దున మేస్తూ మేస్తూ తలెత్తి చూసేసరికి, దిగే దారికి అడ్డంగా నక్క కూర్చుని ఉంది. వెనక లోయ. కొమ్ములమ్మ నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

"బాగున్నావా మామ్మా?" అంది నక్క మూతి నాక్కుంటూ.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాను బాబూ."

"భయపడకు. నేను మామూలు నక్కని కాదు, దేశమంతా తిరిగిన పండితుణ్ణి. ఏ రాష్ట్రంలో ఏ కొండ పెద్దదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నాబోటివాడి పొట్టలోకి పోవడం నీ అదృష్టం!"

రాతిమీద గోరింక కిసుక్కున నవ్వింది. కొమ్ములమ్మ బుర్ర చురుగ్గా పరుగెత్తింది.

"పండితుడివంటే ఇక్కడి ఆచారం తెలిసే ఉంటుందిలే. ఈ కొండమీద భోంచేసేవాళ్లు ముందు దేశంలోని పెద్దకొండలకి దండం పెట్టాలి. చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదాని దాకా! ఒక్కో పేరుకీ మూడేసి ఆత్మప్రదక్షిణలు. వరుస తప్పితే మళ్లీ మొదటికి. లేకపోతే తిన్నది అరగదట."

నక్క పుట్టి బుద్ధెరిగాక అలాంటి ఆచారం వినలేదు. కొమ్ములమ్మా వినలేదు, అప్పటికప్పుడు అల్లేసింది. కానీ "తెలియదు" అనడానికి నక్కకి నోరు రాలేదు.

"తెలియకేం! నేను రోజూ చేసేదే," అని లేచింది. "తెలంగాణ డోలిగుట్ట!" గిర్రున మూడు చుట్లు. "మహారాష్ట్ర కల్సుబాయి!" మరో మూడు. "తమిళనాడు దొడ్డబెట్ట!"

"ఆగాగు! కర్ణాటకవాళ్ల ముళ్ళయ్యనగిరిని ఎగ్గొట్టావు. వాళ్లు నొచ్చుకోరూ? మొదటినుంచి కానీ."

అసలు సంగతేమిటంటే కొమ్ములమ్మకి తెలిసినవి మూడే పేర్లు. తను నిలబడ్డ అర్మకొండ ఒకటి, ముళ్ళయ్యనగిరి ఒకటి. మూడోది, అన్నిటికన్నా పెద్దది, భయంలో ఎటో పోయింది. ఎంత తడుముకున్నా దొరకడం లేదు.

నక్క మళ్లీ మొదలెట్టింది. డోలిగుట్ట, కల్సుబాయి, ముళ్ళయ్యనగిరి, దొడ్డబెట్ట దాటి కేరళ ఆనైముడి దాకా తిరిగేసింది.

"తప్పు!" అని కొమ్ములమ్మ గట్టిగా అరిచింది.

"ఏం తప్పు?"

"నన్నడుగుతావేం? పండితుడివి నువ్వా, నేనా?"

"ఆఁ... అదే, నాకూ అనుమానం కొట్టింది," అంటూ నక్క మళ్లీ తిరగడం మొదలెట్టింది. మూడో విడతకి తోక ఎటో, తల ఎటో! కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి.

"పండితులవారు తూలుతున్నారోయ్!" అని గోరింక రెక్కలు కొట్టింది.

"మామ్మా," అంది నక్క కళ్లు తేలేసి, "నీతోపాటు ఇంకెవరైనా వచ్చారా?"

"వచ్చాం, ఏడుగురం. అందరిలోకీ బలిసినది నీ ఎడమవైపు, ఆ చివర నుంచుంది."

"అయితే ఇక ఒక్కటే... కాంచనజంగ!" అని ఆఖరి మూడు చుట్లు తిరిగింది.

"అదే! అదే పేరు!" అని ప్రాణం లేచొచ్చినట్టు అరిచింది కొమ్ములమ్మ.

నక్క ఎడమవైపు ఎగిరి దూకింది. అక్కడ మేకా లేదు, గీకా లేదు. ఏపుగా పెరిగిన దూలగొండి పొద ఉంది. ఇక చూడాలి దాని గోకుడు! కొమ్ములమ్మ ఒక్క పరుగున సగం కొండ దిగిపోయింది.

"మామ్మా!" పైనుంచి ఏడుపు గొంతు వినిపించింది. "ఇంతకీ నేను చేసిన తప్పేమిటి?"

"నాకేం తెలుసు బాబూ? నేను చదువుకోలేదు!"

నీతి: "నాకు తెలియదు" అనలేనివాణ్ణి ఎవరైనా గిరగిరా తిప్పగలరు.

వనజా, చదువుకున్న మనవరాలివి, ఈ కొండల పేర్లు ఒక్కసారి సరిచూసి పెట్టవే తల్లీ.