ఉడకని పప్పు

ఓదెలు ఉపదేశం తీసుకుని మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ అతని ఇంట్లో పప్పు తప్ప మరొకటి ఉడకలేదు.

పప్పంటే మనం ఎరిగిన పప్పు కాదు. కందిపప్పు కడిగి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెడతాడు. ఉడికాక చిటికెడు ఉప్పు వేసి దించుతాడు. అంతే. పోపు లేదు, కారం లేదు, పులుపు లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ గడప దాటి లోపలికి రాకూడదు. గుడ్డు, చేప, మాంసం సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఓదెలు నేతగాడు. నలభై దాటినవాడు. ఏ పని పట్టుకున్నా కొస చూడనిదే వదలడు. వాగు అవతలి ఊళ్లో ఉండే కుమ్మరి శంభయ్య అతని గురువు. ఉపదేశం తీసుకున్న రోజు పక్కన కూర్చున్న మరో శిష్యుడెవరో, "నాలుకను గెలవనోడు మనసును ఏం గెలుస్తడు?" అన్నాడు. గురువు అన్న మాట కాదది. అయినా ఓదెలు చెవిలో పడింది, పడ్డచోటే నాటుకుంది.

ఇంటికి వచ్చిన పూటే భార్య సుగుణ చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"ఇగ వంట నేనే చేస్త. మీ ఆడోల్ల చేతులు ఊకుండయి. చిటికెడు చిటికెడు అనుకుంటనే అన్నీ ఏస్తరు," అన్నాడు.

మొదటి నెల సుగుణ కొట్లాడింది. రెండో నెల పుట్టింటికి పోయి వారం రోజులుండి వచ్చింది. మూడో నెల మాటలే తగ్గించింది. ఓదెలు మాత్రం చప్పటి పప్పుతో అన్నం తిని చెయ్యి కడుక్కున్న ప్రతిసారీ, లోలోపల ఒక మెట్టు పైకెక్కినట్టు అనుకునేవాడు.

కష్టం అతని తల్లి పోషవ్వ రూపంలో వచ్చింది.

ఎండలు ముదరకముందే ఆమెకు జ్వరం తగిలింది. నాలుగు రోజులకు జ్వరం పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. కంచం ముందు కూర్చుంటుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. రెండోది కలిపి కంచంలోనే వదిలేసి, పోయి గోడవైపు తిరిగి పడుకుంటుంది. తిట్టదు, ఏదీ అడగదు. ఎనిమిది రోజులు ఇలాగే గడిచాయి. ఆమె చేతి వెండి కడియం మోచేతి దాకా జారుతోంది.

ఊరి ఆరెంపీ డాక్టరు వచ్చి నాడి చూశాడు.

"మందులేం అక్కెర లేదు. తింటె లేస్తది. తినకపోతె..." అని, మిగతాది చెప్పకుండా సంచి భుజాన వేసుకున్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా సుగుణ ఆగింది.

"నీ నిష్ఠ నువ్వు ఉంచుకో," అంది మొగుడితో. "ముసలామె పోతె మాత్రం, ఆ పాపం నీ పప్పుగిన్నెలనే ఉంటది."

ఆ మాట ఓదెలుకు కుట్టింది. తల్లి లేని ఇల్లు కళ్లముందు కనబడింది. అయినా తప్పు తనదని మాత్రం అనిపించలేదు. తెల్లారగానే వాగు దాటి గురువు దగ్గరికి పోయాడు.

శంభయ్య సారె ముందు కూర్చుని ఉన్నాడు. తిరిగే మట్టిలోంచి కుండ మూతి అప్పుడే లేస్తోంది.

"అయ్యా, నా దారి మంచిగనే ఉన్నది," అన్నాడు ఓదెలు దండం పెట్టి. "ఇంట్లోల్లే నడుస్తలేరు. ఈ వయసుల గూడ మా అవ్వకు నోటి మీది ఆశ పోతలేదు. తిండి మానేసి పండుకున్నది. ఆమె మనసు మారేటట్టు ఒక మాట చెప్పుండ్రి."

"ఏం పెడుతున్నవ్ ఆమెకు?"

"పప్పయ్యా."

"ఎట్ల వండుతున్నవ్?"

ఓదెలు చెప్పాడు. ఏమేం మానేశాడో ఒక్కొక్కటీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఉంటే గొంతులో కాస్త గర్వం కూడా తొంగిచూసింది.

శంభయ్య సారె ఆపి, చేతుల మట్టి కడుక్కుని, కండువా తీసుకున్నాడు.

"పా. ఇయ్యాల మీ ఇంట్ల నేను వండుత," అన్నాడు.

దారిలో ఒకచోట చింతకొమ్మ చేతికి అందేటంత కిందికి వంగి ఉంది. శంభయ్య ఆగి, లేత చిగురు దూసి కండువాలో మూట కట్టుకున్నాడు. ఓదెలు చూశాడు. పుల్లటిది తన పొయ్యి దగ్గరికి రాకూడదు. కానీ గురువు చేతిలో ఉన్నదాన్ని ఏమంటాడు?

ఓదెలు ఇంటి వెనక వాకిట్లో ఉంటుంది పొయ్యి. పోషవ్వ మంచం పొయ్యికి ఎదురుగా, లోపలి గుమ్మం పక్కనే. శంభయ్య గుమ్మంలో నిలబడి, "అక్కా, మంచిగున్నవా?" అని పలకరించాడు. పోషవ్వ తిరగలేదు.

శంభయ్య పొయ్యి ముందు కూర్చున్నాడు. గిన్నెలో పప్పు పోశాడు, నీళ్లు పోశాడు. ఆ పచ్చిపప్పులోనే ఉప్పు వేశాడు. మూట విప్పి చింతచిగురు కూడా దండిగా వేశాడు.

నీళ్లబిందెతో అటు వచ్చిన సుగుణ ఆ పని చూసి నోరు తెరిచింది. శంభయ్య ఆమె వైపు తలెత్తి చూశాడు, అంతే. ఆమె ఏమనుకుందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

"మంట చూడు ఓదెలూ," అన్నాడు శంభయ్య.

ఓదెలు ఊదాడు. కట్టెలు ఎగదోశాడు. పప్పు కళపెళా తెర్లింది.

"ఉడికిందా?" అని కొంతసేపటికి శంభయ్య గట్టిగా అడిగాడు.

"లేదయ్యా."

"ఇంకో రెండు కట్టెలు పెట్టు."

పెట్టాడు. నీళ్లు ఇంకిపోతే మళ్లీ పోశాడు. నీడలు కురచబడ్డాయి. గరిటెతో తీసి చూస్తే పప్పు ఇంకా పలుకే. వేళ్లతో నలిపితే జారిపోతోంది.

"ఉడికిందా?"

"లేదయ్యా, లేదు!" ఈసారి ఓదెలు గొంతు లేచింది. చెమట కళ్లలోకి కారుతోంది. పొగ. ఆకలి. "ఈ పప్పే మంచిది కాదు. పొద్దటి సంది ఇంత మంట పెడుతున్న, అయినా మెత్తబడ్తలేదు!"

లోపల మంచం కిర్రుమంది.

"పులుపు ఎప్పుడు ఏసిండ్రు?"

ఓదెలు ఉలిక్కిపడ్డాడు. తల్లి గొంతు విని ఎనిమిది రోజులైంది.

"ముందుగాలనే అవ్వా."

"ముందుగాలనా? పచ్చిపప్పులనా?"

గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ పోషవ్వ గుమ్మం దాకా వచ్చింది. జుట్టు ముడి ఊడి ఉంది. పట్టుకోబోయిన కోడలి చెయ్యి తోసేసింది.

"ఎవడాడు వండింది?"

శంభయ్య లేచి నిలబడి చేతులు జోడించాడు. "నేనే అక్కా."

పోషవ్వ అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది.

"మా వానికి బోధ చెప్పిన అయ్యవు నువ్వేనా?"

"నేనే."

"పప్పు వండుడు రాదు, నువ్వు బోధ చెప్తవా?"

శంభయ్య తల వంచుకున్నాడు.

"తప్పయింది అక్కా. నువ్వు చెప్పు, నేర్చుకుంట."

పోషవ్వ ఇంకో నిమిషం అతన్ని చూసింది. తర్వాత పీట లాక్కుని పొయ్యి ముందు కూలబడింది.

"ఆ గిన్నె దించు. పారబొయ్యకు, మాపటిదాక ఉడికితె చారన్న అయితది. మల్ల పప్పు దేరా. మూకుడు పెట్టు. నీళ్లు కాదు, ముందుగాల ఏంచాలె. నూనె చుక్క గూడ వద్దు."

ఓదెలు మూకుట్లో పప్పు పోసి గరిటె తిప్పాడు. పక్కకు చూసేలోపే పోషవ్వ కసిరింది.

"చూపు తియ్యకు. నిమిషం మరిస్తె మాడిపోతది."

మూడు నెలలుగా అతను పప్పు పొయ్యి మీద పడేసి, మూల కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఇవాళ కళ్లు విప్పి గింజలనే చూశాడు. కాసేపటికి వాటి రంగు ఒక పిసరు తిరిగింది. కమ్మటి వాసన ఒకటి మెల్లగా లేచింది. మూడు నెలల నుంచీ ఇదే పప్పు వండుతున్నాడు. దానికి ఇలాంటి వాసన ఉంటుందని మరిచేపోయాడు.

"ఆ, ఇగ దించు. కడిగి నీళ్లు పొయ్యి. ఇంత పసుపు ఏసి ఉడకనియ్యి."

శంభయ్య కండువా ఆమె ముందు పరిచాడు. చిగురు ఇంకా సగం ఉంది. పోషవ్వ దాన్ని రెండు అరచేతుల మధ్య వేసి నలిపింది. ఈనెలు వేరై, లేతాకు పొడిపొడిగా రాలింది. పొద్దున నీళ్లగ్లాసు కూడా పట్టలేకపోయిన చేతులవి. ఇప్పుడు వణకడం లేదు.

పప్పు ఇట్టే ఉడికింది. ఆమె ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా అణిగింది.

"ఇగ ఇప్పుడు ఎయ్యాలె పులుపు," అంటూ చిగురు వేసింది. "ముందుగాలనే ఏస్తె పప్పు మొండికేస్తది. ఎంత మంట పెట్టినా లొంగది. దాన్ని మెత్తబడనియ్యాలె బిడ్డా. మెత్తబడ్డంక నువ్వు ఏది ఏసినా తీసుకుంటది."

పప్పుగుత్తి పట్టుకున్న ఓదెలు చెయ్యి ఆగిపోయింది.

శంభయ్య పొయ్యిలోని నిప్పులు చూస్తూ కూర్చున్నాడు.

"ఆగినవేంది? ఎనుపు," అంది పోషవ్వ.

ఓదెలు ఎనిపాడు. ఆమె ఉప్పు వేసింది, కారం వేసింది. పోపుకు నూనె కాగింది. ఆవాలు చిటపటమన్నాయి, జీలకర్ర, ఎండుమిర్చి పడ్డాయి.

"ఎల్లిగడ్డ?" అని చెయ్యి చాపింది పోషవ్వ.

ఓదెలు గురువు వైపు చూశాడు. గురువు పోషవ్వ వైపే చూస్తున్నాడు.

"ఇంట్ల లేదవ్వా," అన్నాడు ఓదెలు మెల్లగా.

సుగుణ లేచి లోపలికి పోయింది. బియ్యం గోలెంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికి, రెండు ఎల్లిగడ్డలు తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

ఓదెలు నోరు వెళ్లబెట్టాడు. "ఎప్పటి సంది ఉన్నయివి?"

సుగుణ మూడు వేళ్లు చూపించింది.

ముందు శంభయ్య నవ్వాడు. పోషవ్వ నవ్వి దగ్గింది, దగ్గి మళ్లీ నవ్వింది. ఓదెలు కోపం తెచ్చుకుందామని చూశాడు. కోపం రాలేదు. అతనికీ నవ్వే వచ్చింది.

దంచిన ఎల్లిపాయలు నూనెలో ఎర్రబడ్డాయి. పోపు పప్పులో పడి సుయ్యిమంది. ఆ వాసన గోడ దాటింది కాబోలు, అవతలి ఇంట్లోంచి ఎవరో కేకేశారు. "పోషవ్వా, లేచినవా?"

"లేచిన!" అంది పోషవ్వ.

వేడన్నంలో పప్పు వేసుకుని ఆమె ఒక ముద్ద తింది. రెండు తింది. ఓదెలు ఊపిరి బిగబట్టి మూడోదాని కోసం చూశాడు. మూడోదీ తింది. ఒక్కొక్క ముద్ద ఆమె గొంతు దిగుతుంటే, తన గుండెల మీది నుంచి ఎవరో ఒక్కొక్క రాయి దించుతున్నట్టుంది అతనికి.

కంచం ఖాళీ చేసి ముందుకు జరిపింది. "ఇంకింత పెట్టు."

ఓదెలు గరిటె నిండా తీసి వడ్డించాడు. సుగుణ ముఖం అటు తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది.

"అవ్వా, మాంసం లేక తింటలేవనుకున్న," అన్నాడు ఓదెలు.

"మాంసం లేకపోతె సస్తనారా? నువ్వు పుట్టకముందు కరువుల ఆర్నెల్లు ఇంత పప్పు, ఇంత ఆకు తినే బతికినం. పప్పు పప్పు లెక్క లేకనే తినలే."

శంభయ్య కూడా తిన్నాడు. అన్నం ముగిశాక వేళ్లు ఒక్కొక్కటీ నాకాడు. "కడుపు నిండింది అక్కా," అని దండం పెట్టి లేచాడు.

ఓదెలు వాగు దాకా సాగనంపడానికి వెంట నడిచాడు. వాగు కనబడ్డాక ఉండబట్టలేక అడిగాడు.

"అయ్యా, మీకు నిజంగనే పప్పు వండుడు రాదా?"

"మా ఇంటామెకు చూపు పోయి పదకొండేండ్లాయె. అప్పటి సంది రెండు పూటలా నేనే వండుత."

"ఆమె తింటదా?"

"నిన్న దోసకాయ పప్పు చేసిన. రెండుసార్లు మారు అడిగి ఏపిచ్చుకున్నది."

ఓదెలు ఆగిపోయాడు. వాగు నీళ్లు రాళ్ల మీదుగా పోతున్నాయి. గురువు పంచె పైకి కట్టుకున్నాడు.

"అయ్యా, మరి రేపటి సంది నేనేం చెయ్యాలె?"

శంభయ్య నీళ్లలోకి దిగి వెనక్కి తిరిగాడు.

"రేపటి సంగతి రేపు. ఇప్పుడైతే ఇంటికి ఉరుకు. పోపు మూకుట్ల అన్నం కలుపుతుంటరు. ఆలిశెమైతె నీకు మిగలది."

ఓదెలు నిజంగానే ఉరికాడు. వాకిట్లోకి వచ్చేసరికి పోషవ్వ మూకుడు ముందు పెట్టుకుని, అడుగున అంటిన పోపులో అన్నం, పప్పు వేసి కలుపుతోంది. సుగుణ పక్కన కూర్చుని ఉంది.

"ఏడికి పోయినవ్రా? ఇట్ల కూసో," అని పోషవ్వ ముద్ద చేసి కొడుకు నోటికి అందించింది.

పులుపు, కారం, ఎల్లిపాయ. ఓదెలు నమిలాడు. మెల్లగా, చాలాసేపు నమిలాడు.

"ఎట్లుంది?" అని అడిగింది సుగుణ.

అతను ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.