తడి ఉండగా పెట్టిన నిప్పు

ఏకాంతయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన ముందు కండువా భుజాన వేసుకుని లేచేవారు. జవాబు ఆరుబయట ఎక్కడో ఉన్నట్టూ, ఇద్దరూ కలిసి వెళ్లి దాన్ని చూసి రావాలన్నట్టూ బయల్దేరేవారు. ఆయన కుటీరం పెద్ద చిత్తడి నేల అంచున ఉండేది కనుక ఎటు నడిచినా కొంత బురద తప్పేది కాదు. తీరిగ్గా కూర్చుని నాలుగు మంచి మాటలు విని పోదామని వచ్చినవాళ్లకు ఇది కొంచెం కష్టంగానే ఉండేది.

ఆయన శిష్యుల్లో పరాంకుశం శాంతమూర్తి అని పేరు తెచ్చుకున్నవాడు. ఇంట్లో గాని వీధిలో గాని అతను గొంతు పెంచగా విన్నవారు లేరు. కోపం వస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూసి జనం మెచ్చుకునేవారు. ఆ మెప్పు అతనికేమీ చేదుగా ఉండేది కాదు లెండి. అలాంటివాడు వైశాఖమాసంలో ఒక తెల్లవారుజామున, నిద్రలేని కళ్లతో వచ్చి గురువుగారి ఎదుట కూలబడ్డాడు.

"వకుళ పుట్టింటికి వెళ్లిపోతానంటోంది గురువుగారూ. చూసి రావడానికి కాదు. ఇక తిరిగి రాదట."

"ఏం గొడవ?"

"అదే నాకు అర్థం కావడం లేదు. పెళ్లయిన నాటినుంచి మా మధ్య ఒక్క గొడవ లేదు. తను ఎదురు చెప్పి ఎరగదు, నేను కసిరి ఎరగను. నిన్న చీరలు మడతపెట్టుకుంటుంటే, నా మీద ఏమైనా కోపమా అని అడిగాను. 'కోపం ఎప్పుడో పోయిందండీ' అంది. ఎంత నెమ్మదిగా అందో, నాకు ఒళ్లు చల్లబడిపోయింది. కోపాన్ని ఇంత జాగ్రత్తగా అణచుకున్న ఇల్లు ఎందుకిలా అయింది?"

ఏకాంతయ్యగారు కండువా అందుకున్నారు.

ఇద్దరూ సన్నటి గట్టు మీద నడిచారు. మంచు ఇంకా విడలేదు. అందులో ఎక్కడినుంచో పలచటి పొగ కలిసి, ఏది మంచో ఏది పొగో తెలియకుండా ఉంది. నీటికోళ్ల అరుపులు దూరంగా, నిద్రలో వింటున్నట్టు వినిపిస్తున్నాయి. గట్టుకు ఎడమవైపు పెదలంక వాళ్ల రెల్లు, మనిషెత్తు పెరిగి, లేతపచ్చగా, గాలి లేకుండానే ఊగుతున్నట్టుంది. కుడివైపు పాలెం వాళ్ల నేల. అక్కడ రెల్లు లేదు, మోడు లేదు, పిట్ట లేదు. కనుచూపు మేర మెత్తటి బూడిదరంగు పరుచుకుని, దాని మీద పొగమంచు మెల్లగా దొర్లుతోంది.

పెదలంక వాళ్లు మాఘమాసంలో, రెల్లు దుబ్బుల చుట్టూ మోకాలి లోతు నీళ్లుండగానే ఎండాకుకు నిప్పు పెడతారు. అది వాళ్ల తాతలనాటి ఆచారం. ఆ నాలుగు రోజులూ ఊరంతా పొగ, దగ్గు, తిట్లు. చూడబోతే అంతా మసి. తరువాత ఆ మసిలోంచే చిగుళ్లు పైకి వస్తాయి. పాలెంలోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. కానీ వాళ్ల పెద్ద వీరాస్వామి జాలిగుండెవాడు. పెంచుకున్నదాన్ని చేతులారా ఎలా తగలబెట్టుకుంటామని మాన్పించాడు. ఏళ్ల తరబడి వాళ్ల రెల్లు కదలకుండా మెదలకుండా ముచ్చటగా ఉండేది. ఎండాకు మీద ఎండాకు పేరుకుంటూ వచ్చింది. ఈ ఏడు నీళ్లు ముందే ఇంకిపోయాయి. చైత్రంలో ఒక నిప్పురవ్వ పడింది. మంట గట్టు దాకా వచ్చి, పెదలంక వాళ్ల పచ్చిరెల్లు అంటుకోక అక్కడే ఆగింది.

పై ఊరివాడైన పరాంకుశానికి ఇదంతా తెలియదు. అతను కుడివైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఎంత ప్రశాంతంగా ఉంది గురువుగారూ" అంటూ గట్టు దిగాడు.

ఎడమవైపు తడికల కోసం రెల్లు కోస్తున్న తలుపులమ్మ అనే ఆవిడ తలెత్తి, "అటు దిగకు బాబూ" అని కేకేసింది. అప్పటికే అతని కాలు బూడిదలోకి చీలమండ దాకా దిగబడింది. లోపల నేల ఎర్రగా కణకణలాడుతోంది. గురువుగారూ ఆవిడా చెరొక రెక్కా పట్టి పైకి లాగారు. అరికాలు బొబ్బలెక్కింది. తలుపులమ్మ నీళ్లు తెచ్చి ధారగా పోసింది.

"పైన మంటే కనబడలేదే?" అన్నాడు అతను పళ్లు బిగించి.

"పైన ఎప్పుడో ఆరిపోయింది బాబూ. కింద దుబ్బుల్ని తింటానే ఉంది. ఎలుతురుండదు, సప్పుడుండదు. మాలాగ ఏటేటా తడుండగానే ఎండాకు తగలెట్టుకుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

పరాంకుశం ఆ బూడిద వంక చాలాసేపు చూశాడు. వకుళ దూడనాటి నుంచి పెంచుకున్న ఆవును, ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా తన తమ్ముడికి తోలిచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అతను చూశాడు, నవ్వి ఊరుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. ఇల్లు ఎంత చక్కగా ఉందో అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆనాడు ఆమె గిన్నెలు విసిరి, అరిచి, తనను నిలదీసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు మొదటిసారి అనిపించింది. అంత వయసువాడికీ ఏడుపు ఆగలేదు.

"ఈ నేల మళ్లీ పచ్చబడుతుందా?" అని అడిగాడు చివరికి.

"నీళ్లు రావాలి. లోతున ఎక్కడో ఒక దుబ్బు బతికి ఉంటే రెల్లే మొలుస్తుంది. లేదంటే మరేదో మొలుస్తుంది" అన్నారు గురువుగారు.

"మరి మా ఇల్లు..." అన్నాడు.

ఏకాంతయ్యగారు అతని చెయ్యి పట్టి లేవదీశారు.

"అక్కడ తడి ఎంత మిగిలిందో నాకేం తెలుసు నాయనా? త్వరగా ఇల్లు చేరుకుని, ఆవిడతో పోట్లాడి చూడు."