పన్నెండేళ్ల తర్వాత భోజనం

పసుపు పండే ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారుండేవారు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధుల గొంతు ఎండిపోయేది గనుక మనం ఉత్త రాజుగారనే అనుకుందాం.

తన దేశపు పసుపంటే ఆయనకు మహా గర్వం. "మా కొమ్ము మెరిసినట్టు ముల్లోకాల్లో ఏదీ మెరవదు!" అనేవారు. నిజమే. వర్తకులు వాటికి ఏదో పసుపుపచ్చ రాతిపొడి పట్టించి మెరుగు పెట్టించేవారు మరి.

ఒకరోజు ఆ మెరుగు పనిచేసే సింగమ్మ, ఏడేళ్ల కూతుర్ని చంకనేసుకుని సభకొచ్చింది.

"దొరా, ఆ పొడి వచ్చినకాడి నుంచీ మా వీధి పిల్లలకు ఒకటే కడుపునొప్పి. నా పిల్ల నిన్నటి మాట ఇవాళ మరిచిపోతోంది. ఆ పొడి ఆపించండి."

రాజవైద్యుడు గరుడాచలశాస్త్రి ముక్కుపొడుం పీల్చి లేచాడు.

"ఆధారమేదమ్మా? పచ్చిమామిడికాయ తిన్నా కడుపునొప్పే. అది విషమో కాదో తెలియాలంటే తిన్నవాళ్లను పన్నెండేళ్లు గమనించాలి. తేలేదాకా ఆపడం శాస్త్రవిరుద్ధం."

"శాస్త్రం శాస్త్రమే!" అని రాజుగారు మీసం దువ్వారు.

"అందాకా నా పిల్ల ఉంటుందా దొరా?"

రాజుగారు సభ చాలించారు. సభలో కుర్ర విదూషకుడు పేరయ్య నోరు ఎప్పుడూ ఊరుకోదు. ఆవేళ మాత్రం కిమ్మనలేదు. అప్పుడే అనుమానపడాల్సింది.

మర్నాడు రాజుగారు భోజనానికి కూర్చున్నారు. విషం కలిసిందేమోనని, ఆనవాయితీ ప్రకారం ముందు కొలువు మనిషి బుచ్చన అన్నీ రుచి చూడాలి. అతడు గడియసేపు కులాసాగా ఉంటేనే రాజుగారు ముద్ద ముట్టేది. గడియ గడిచింది. బుచ్చన బ్రేవుమన్నాడు. రాజుగారు పులిహోర మీద చెయ్యి వెయ్యబోయారు.

పేరయ్య గభాల్న విస్తరి లాగేశాడు.

"ఏమిట్రా ఇది!"

"తొందరపడకండి ప్రభూ. బుచ్చన్ని ఇంకా గమనించాలి."

"ఎంతసేపు?"

"పన్నెండేళ్లు. శాస్త్రిగారి లెక్క. తేలగానే నేనే వేడివేడిగా వడ్డిస్తాను."

"అందాకా నేనుంటానట్రా?"

"సింగమ్మ కూడా నిన్న ఇదే అడిగింది ప్రభూ."

రాజుగారి కడుపు గుర్రుమంది. పక్కనే ఉన్న వైద్యుడి వైపు తిరిగారు. "శాస్త్రీ! ఈ పులిహోర తినొచ్చా, కూడదా? నువ్వే తిని చెప్పు."

ఆ పులిహోర నిండా మెరుగు పసుపే. శాస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకివాళ ఏకాదశి ఉపవాసం..."

"ఇవాళ నవమి కదండీ?" అన్నాడు పేరయ్య.

"ముందుగానే మొదలెట్టాను."

పేరయ్య రాజుగారి వైపు తిరిగాడు. "తమకు అనుమానమొస్తే ముద్ద ఆగుతుంది. రుచి చూడ్డానికి జీతమిచ్చి బుచ్చన్ని పెట్టుకున్నారు. బజారు సరుకు రుచి చూడ్డానికి సింగమ్మ కూతుర్ని పెట్టాం. పాపం, జీతం కూడా లేదు."

రాజుగారు పీట మీంచి లేచారు. "పొడి బస్తాలన్నీ కొట్లో పెట్టి తాళం వెయ్యండి. హాని లేదని వర్తకులే రుజువు చెయ్యాలి. అందాకా ఎవరూ ముట్టకూడదు. శాస్త్రీ, నువ్వు రోజూ సింగమ్మ వీధికెళ్లి పిల్లలకు వైద్యం చెయ్యి. నీకేం కావాలిరా పేరయ్యా?"

"బజారుకొచ్చే ఏ కొత్త సరుకైనా ముందు తమ వంటింట్లో వాడాలి ప్రభూ."

"అంటే నన్ను ప్రజలకు బుచ్చన్ని చేశావన్నమాట!" రాజుగారు పకపకా నవ్వి, భుజమ్మీది శాలువా తీసి పేరయ్యకు కప్పారు. "సరే గానీ, ముందు తిండి పెట్టరా!"

పేరయ్య సిద్ధంగానే ఉన్నాడు. సింగమ్మ ఇంట్లోని మెరుగులేని పసుపుతో వండించిన పులిహోర తెచ్చిపెట్టాడు. అది చూడ్డానికి వెలవెలబోతోంది.

రాజుగారు ఆబగా చెయ్యి చాచేసరికి బుచ్చన అడ్డొచ్చాడు.

"ఆనవాయితీ ప్రభూ!" అంటూ మళ్లీ మొదట్నుంచీ రుచి చూడ్డం మొదలెట్టాడు.