గవరయ్య దేవుడికి పెట్టిన పరీక్ష

గవరయ్యకూ, అతని తమ్ముడు సన్యాసికీ ఒకటే దిగులు: ఇంత తెలివి తామిద్దరే మోస్తున్నారు, ఊళ్ళో పంచుకునే నాథుడు లేడు. గవరయ్య పెళ్ళాం నూకాలు దిగులు వేరు. పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న గేదె ఇవాళో రేపో ఈనేలా ఉంది, ఇంట్లో చూస్తే ఈ ఇద్దరే ఉన్నారు.

ఆ పూట హరికథ దాసుగారు మజ్జిగకని ఆగి, "దేవుడికి చేతకానిది లేదమ్మా, సుఖంగా ఈనుతుందిలే" అన్నాడు.

అంతే! గవరయ్య లేచాడు. "అయితే తాను ఎత్తలేని బండను చెయ్యగలడా? చేస్తే ఎత్తలేడు. చెయ్యకపోతే చేతకాదు. చెప్పండి!"

దాసుగారు అన్నదమ్ముల ముఖాలు చూసి, మజ్జిగ అరుగు మీద పెట్టేసి పోయాడు.

"ఓడిపోయాడు" అన్నాడు సన్యాసి.

"ఓడిపోయాడా, మీ బొంద! నిండుగా ఉన్న ఖాళీ కుండ తెమ్మంటే ఎవరు తెస్తారు? తేకపోతే అది చేతకానితనమా?" అంది నూకాలు.

సన్యాసి వెంటనే అటకెక్కి కుండలన్నీ తడిమాడు. "అలాంటిది మనింట్లో లేదు వదినా. రేపు సంతలో అడుగుతాను."

గవరయ్య మాత్రం తేల్చుకోవాల్సిందే అన్నాడు. బండ ఎత్తలేని దేవుడికి గేదెను అప్పగించడమా? ఇంకేముంది, ఇద్దరూ గునపాలు పట్టి, గట్టు మీది బండను దొర్లించుకొచ్చి పశువుల పాక గుమ్మానికి అడ్డంగా పడేశారు. గేదె లోపలే ఉంది. దాని మీద దయ ఉంటే దేవుడే ఎత్తుతాడు కదా!

ఎత్తలేదు. లోపల గేదె నొప్పులతో అరవడం మొదలుపెట్టింది. నూకాలు పరుగెత్తుకొచ్చింది.

"తెచ్చినట్టే పక్కకి దొర్లించండయ్యా, దాని ప్రాణం పోయేలా ఉంది!"

"పిచ్చిదానా! దేవుడు కదపని బండను మనం కదిపితే మనమే దేవుళ్ళమైపోతాం. ఊళ్ళో గేదెలన్నిటికీ మనమే పురుడు పొయ్యాలి. తీరికెక్కడిది?" అంటూ గవరయ్య బండ ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పక్కనే సన్యాసీ కూర్చుని కళ్ళు మూశాడు.

ఇలాంటివాళ్ళతో వాదించేకన్నా గోడతో వాదించడం నయం. నూకాలు అదే చేసింది. గునపం పట్టి పాక వెనక మట్టిగోడను పొడిచి కంత చేసింది. గేదె భుజం పెట్టి తోసుకుని బయటపడి, గడ్డివాము పక్కన ఈనింది. నూకాలు ఏడుస్తూ నవ్వుతూ దూడను తుడిచింది.

అన్నదమ్ములు కళ్ళు తెరిచారు. బండ ఉన్నచోటే ఉంది. గేదె బయట ఉంది!

"దేవుడికి కాని పని ఇది చేసింది! అన్నీ చేతనైన తల్లివి నువ్వే!" అని గవరయ్య గేదె కాళ్ళ మీద పడ్డాడు.

సన్యాసికి అనుమానం వచ్చింది. "అన్నా, మరి తాను మోయలేని దూడను ఇది ఈనగలదా?"

"తేలుద్దాం. దూడను ఎత్తి దాని వీపు మీద పెట్టు."

అప్పుడే ఈనిన గేదె దూడను ముట్టుకోనిస్తుందా? ఒక్క కుమ్ము కుమ్మింది. ఇద్దరూ వెళ్ళి పెంటకుప్పలో పడ్డారు.

"చూశావా నూకాలూ," అన్నాడు గవరయ్య ముఖం తుడుచుకుంటూ, "దాసుగారు చెప్పలేని జవాబు ఇది చెప్పింది!"

"ఏం చెప్పిందన్నా?" అన్నాడు సన్యాసి.

"సగమే అర్థమైంది. దూడను మళ్ళీ ఎత్తు."